స్తంభం మీద ఉన్న నాట్/అజీత్: అసలు నంబరు పట్టుకోవడం, పాడైన రేకు బాగుచేయడం ఎలా?

గాలిమర_వైజాగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో, ఎయిర్‌ఫోర్స్ వారు చాలా ఏళ్ల కిందట కేటాయించిన చిన్న జెట్ ఫైటర్ ఉంది. ఇనుప స్తంభం మీద ముక్కు పైకెత్తి నిలబెట్టారు. సముద్రం మూడు కిలోమీటర్ల లోపే. బోర్డు మీద "నాట్" (బ్రిటన్‌లోని ఫాలండ్ కంపెనీ డిజైన్ చేసిన చిన్న ఫైటర్) అని ఉంది. తోక దగ్గర రాసిన నంబరు ఏ పాత ఫోటోలోనూ దొరకడం లేదు. మధ్యలో ఎవరో పెయింటర్ తోచినది రాశాడేమోనని అనుమానం.

పరిస్థితి ఇది: పెయింట్ పెచ్చులూడుతోంది. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి. స్తంభానికి బిగించిన చోట రేకు ఉబ్బింది. ముక్కు భాగంలో బరువు కోసం సిమెంట్ కాంక్రీట్ పోశారు. కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) పసుపుపచ్చగా మారి మసకబారింది. ఎడమ చక్రం తలుపు లేదు. ఇంజన్ లేదు, సీటు మాత్రం లోపలే ఉంది.

వచ్చే జనవరి 26 లోపు ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి కారు పెయింట్ కొట్టించేద్దామని కమిటీ అంటోంది. ఇప్పుడు ఆగస్టు. ఎగరాల్సిన విమానం కాదు, ప్రదర్శనకే. కానీ సరిగ్గా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పని ఏ వరసలో చేయాలి?

పాతరెక్కలు

కమిటీకి ఒక్క మాట గట్టిగా చెప్పండి. ఆ విమానం ఏదో తేల్చే ఆధారాల్లో సగం మీరు గీకించేద్దామంటున్న ఆ పెయింట్‌లోనే ఉన్నాయి. గుర్తింపు తేలేదాకా ఒక్క చదరపు అడుగు కూడా గీకనివ్వకండి. బ్లాస్టింగ్ అసలే వద్దు. ఆ రేకు చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఇసుక దెబ్బకు సాగి రివెట్ల మధ్య ఉబ్బిపోతుంది, మళ్లీ చదును కాదు. పైగా రేకు మీద తయారీలోనే అంటించిన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉంటుంది. పలుచటి రేకులో అది ఒక్కో వైపు మొత్తం మందంలో 5 శాతం లోపే, అంటే 1.2 మి.మీ. రేకులో 0.06 మి.మీ. లోహాన్ని కాపాడేది అదే. ఇసుక ముందు దాన్నే తినేస్తుంది.

ముందు అది నాటా, అజీతా తేల్చండి. బోర్డును నమ్మొద్దు, దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. అజీత్ అంటే హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) మెరుగుపరిచిన నాట్. మొదటిసారి ఎగిరింది 1975 మార్చి 5న. రెక్కల కింద పడుకుని చూడండి. అజీత్‌కు ఆయుధాలు, ట్యాంకులు తగిలించే చోట్లు నాలుగు. పైలాన్లు (వాటిని తగిలించే దిమ్మెలు) పీకేసినా బోల్టు రంధ్రాలో, వాటి మీద బిగించిన మూతలో కనబడతాయి. రెండో గుర్తు, అజీత్ రెక్కే ఇంధన ట్యాంకు. అందుకే రెక్క లోపలి అతుకుల వెంట మందంగా సీలెంట్ పూసి ఉంటుంది.

ఇక నంబరు. పైన పెయింట్‌తో రాసినదాన్ని అన్నిటికన్నా చివర నమ్మండి. ఈ వరసలో వెతకండి.

మొదట కాగితాలు. కాలేజీ స్టోర్స్ రిజిస్టరులో, ఎయిర్‌ఫోర్స్ కేటాయింపు ఉత్తరంలో నంబరు ఉండే అవకాశం ఎక్కువ. ఎయిర్‌ఫోర్స్ నంబర్లలో ముందున్న అక్షరాలు రకాన్ని చెబుతాయి. నాట్‌కు ఇ, హంటర్‌కు బిఎ, మారుత్‌కు బిడి. 1965 ప్రాంతంలో ఆ ముందు ఐ కూడా ఉండేది. 1965 సెప్టెంబర్ 3న పస్రూర్‌లో దిగి పాకిస్తాన్ చేతికి చిక్కిన నాట్ ఐఇ1083 అలాంటిదే, ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉంది. మీ విమానం మీద ఇ లేదా ఐఇ కాకుండా వేరే అక్షరాలు ఉంటే ఆ నంబరు కల్పితమని అక్కడే తేలిపోతుంది.

తర్వాత రాత్రిపూట టార్చి. చీకటి పడ్డాక బలమైన టార్చిని రేకుకు దాదాపు ఆనించి, ఐదు పది డిగ్రీల వాలులో వెలుగు పారించండి. పాత నంబరు మీద ఎన్ని కోట్లు కొట్టినా ఆ అక్షరాల అంచు సన్నటి మెట్టులా నిలిచి ఉంటుంది. పగలు కంటికి ఆనని ఆ మెట్టు రాత్రి నీడ పడి చదవడానికి వస్తుంది. ఒకరు టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు రేకుకు ఎదురుగా నిలబడి ఫోటో తీయాలి. వెలుగు నాలుగు దిక్కుల నుంచీ పడాలి. నిలువు గీతలు పక్క వెలుగులో, అడ్డగీతలు పై వెలుగులో తేలతాయి. తోక దగ్గర రెండు వైపులా, రెక్కల కింద, ముక్కు పక్కన చూడండి.

దాని తర్వాతే వాటర్ పేపర్. జాడ కనబడిన చోట అరచేయంత జాగాలో, 400తో మొదలుపెట్టి 600, 800, 1200 వరకు తడిపి రుద్దండి. మధ్యలో లోహం దాకా, అంచులకు వచ్చేసరికి పై పొర మాత్రమే అరిగేలా వాలుగా పోవాలి. అప్పుడు ఒక్కో కోటు ఒక్కో వలయంగా బయటపడుతుంది. తెల్ల కాగితం, స్కేలు పక్కన పెట్టి నీడపట్టున ఫోటో తీయండి. ఏ రంగు ఏ రంగు కింద ఉందో రాసుకోండి. ఈ కిటికీలు ఐదారు చాలు. రుద్దేటప్పుడు రేకు గోరువెచ్చగా కూడా ఉండకూడదు, ఎండలో ఆ పని పెట్టుకోవద్దు.

చివరగా లోపలి ప్లేట్లు. చక్రాల గూళ్లు, తుపాకీ ప్యానెళ్ల లోపలి వైపు, కాక్‌పిట్ పక్క గోడలు చూడండి. ఊడదీసే ప్యానెళ్లు తారుమారు కాకుండా లోపలి వైపు విమానం నంబరులోని చివరి అంకెలు రాసి పెట్టడం మామూలే. ఒక్క తలుపు మీద కనబడిన అంకెతో తేల్చేయకండి, తలుపులు ఒక విమానం నుంచి ఇంకోదానికి మారుతుంటాయి. ఎక్కువ ప్యానెళ్లు ఏం చెబుతున్నాయో లెక్క తీయండి. ప్లేట్ మీద అక్షరాలు అరిగిపోతే గీకొద్దు. పలుచటి కాగితం పరిచి 6బి పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దితే అచ్చు దిగుతుంది.

నంబరు చేతికొచ్చాక భారత్-రక్షక్ (భారత సైనిక చరిత్ర) సైట్‌లో ఉన్న విమానాల జాబితాలతో సరిచూడండి.

అల్క్లాడ్_72

పైన చెప్పినవన్నీ సరైనవే. కాక్‌పిట్‌లోకి ఎవరినైనా ఎక్కించే ముందు మాత్రం ఇది చదవండి. సీటు లోపలే ఉందన్నారు, అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది అదే.

ఎజెక్షన్ సీటులో (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు) పేలుడు కార్ట్రిడ్జులు ఉంటాయి. నాట్‌లో ఫాలండ్ తేలిక సీటు, అజీత్‌లో మార్టిన్-బేకర్. ఏదైనా సరే, కార్ట్రిడ్జులు తీసేశారని ఎయిర్‌ఫోర్స్ కాగితం చేతిలో లేకపోతే అవి లోపలే ఉన్నాయని లెక్క. హ్యాండిళ్లు, పిన్నులు ముట్టుకోవద్దు. కెనోపీ ఊడదీసే యంత్రాంగానికీ అదే మాట. పాతబడిన కార్ట్రిడ్జు నిర్వీర్యమైపోదు, ఎప్పుడు ఎలా పనిచేస్తుందో చెప్పలేని స్థితికి వస్తుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఎయిర్‌ఫోర్స్‌కు రాసి, వాళ్ల మనిషి వచ్చి చూసి సంతకం చేసేదాకా కాక్‌పిట్‌కు తాళం వేయండి. విద్యార్థులు సెల్ఫీల కోసం ఎక్కే చోటు అది.

రెండోది, చక్రాల కాళ్లు. ఓలియోల్లో (కాళ్లలోని షాక్ అబ్సార్బర్లు), హైడ్రాలిక్ అక్యుములేటర్లలో (ఒత్తిడి నిల్వ ఉంచే సిలిండర్లు) నైట్రోజన్ ఒత్తిడి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. వాల్వు ద్వారా మెల్లగా వదలకుండా నట్టు విప్పితే లోపలి భాగం తుపాకీ గుండులా దూసుకొస్తుంది.

మూడోది, డయళ్లు. ఆ కాలపు బ్రిటిష్ పరికరాల్లో చీకట్లో వెలిగే అంకెలకు రేడియం వాడినవి ఉన్నాయి. వెలుగు ఆరిపోయినా రేడియం అలాగే ఉంటుంది, దాని సగం ఆయుష్షు 1600 ఏళ్లు. గైగర్ మీటర్ పెట్టి చూడండి, మీ ఫిజిక్స్ విభాగంలో ఉండొచ్చు. మీటర్ పలికితే అద్దం విప్పకుండా, డయల్‌ను గట్టి ప్లాస్టిక్ సంచిలో మూసి, రాసి పెట్టండి.

నాలుగోది దుమ్ము. పాత ఆకుపచ్చ, పసుపు ప్రైమర్లలో క్రోమేట్ ఉంటుంది. పసుపు రంగు తేలే బోల్టుల మీద కాడ్మియం పూత. రెండూ ఊపిరితిత్తులకు విషం. పొడిగా రుద్దనే వద్దు, తడిపే రుద్దాలి. గుడ్డ మాస్కు చాలదు, పి100 ఫిల్టర్ ఉన్న రబ్బరు మాస్కు కావాలి. రుద్దిన నీళ్లు కాలవలోకి పోకుండా కింద టార్పాలిన్ పరిచి పట్టండి. జెట్ పైపు చుట్టూ తెల్లటి నారలాంటి చుట్టు కనిపిస్తే ఆస్బెస్టాస్ అనుకుని ముట్టుకోకుండా వదిలేయండి.

అజీత్ అని తేలితే ఇంకొకటి. రెక్కలో ఇంధనం ఉండేది కాబట్టి ఎండిన కిరోసిన్ మిగులు ఆవిరిగా ఉంటుంది. గ్రైండర్, వెల్డింగ్ ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి. మూతలు తెరిచి రెండు రోజులు ఫ్యాన్‌తో గాలి ఆడించాకే డ్రిల్ పెట్టాలి. ఇన్‌టేకుల్లో కందిరీగలు, పాములు ఉంటాయి. చేయి పెట్టే ముందు వెలుగు పెట్టి చూడండి.

గాలిమర_వైజాగ్

పాతరెక్కలు గారూ, అల్క్లాడ్ గారూ, చాలా థాంక్స్. కాక్‌పిట్‌కు తాళం వేయించాం, ఉత్తరం వెళ్లింది. బ్లాస్టింగ్ మాట కమిటీ ఒప్పుకుని వదిలేసింది.

రాత్రి టార్చి పెట్టి చూస్తే తోక దగ్గర ఇప్పటి నంబరు కింద ఇంకో నంబరు జాడ ఉంది. మొదటి అక్షరం ఇ, చివరి రెండు అంకెలు స్పష్టం, మధ్యవి తెలియడం లేదు. రెక్కల కింద నాలుగు చోట్ల బోల్టు రంధ్రాల గుంపులు. ప్యానెళ్ల లోపల రాసిన అంకెలు నాలుగింటి మీద ఒకటే, ముక్కు చక్రం తలుపు మీద వేరేది. ప్లేట్ల మీద తేదీలేమో కొన్ని 1960ల నాటివి, కొన్ని 1970ల చివరివి. ఇది ఎలా అర్థం చేసుకోవాలి? ఇంకొకటి, స్తంభం దగ్గర ఉబ్బిన రేకు ఏం చేయాలి?

పాతరెక్కలు

నాలుగు చోట్లు ఉన్నాయంటే అది అజీత్. తేదీలు కలగాపులగంగా ఉండటం మంచి సంకేతం. కొత్తగా తయారైన అజీత్‌లు 79, ఉన్న నాట్‌లను మార్చి చేసినవి 10. మార్చినదైతే 1960ల నాటి ప్లేట్లు ఉండొచ్చు. అయితే తొందరపడొద్దు, కొత్త అజీత్‌లో కూడా స్టోర్స్‌లో మిగిలిన పాత నాట్ విడిభాగం వాడి ఉండొచ్చు. కాబట్టి 1960ల తేదీ ఏ భాగం మీద ఉందో చూడండి. పంపు, వాల్వు, చక్రం లాంటి మార్చే వస్తువు మీద ఉంటే దాని విలువ తక్కువ. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) ఫ్రేమ్, రెక్క అతుకు లాంటి విడదీయలేని భాగం మీద ఉంటే అది మార్చిన పది విమానాల్లో ఒకటి అయ్యే అవకాశం గట్టిది. ఒక పట్టిక గీయండి: భాగం, ప్లేట్ నంబరు, తేదీ, అది ఊడదీసేదా కాదా, ఫోటో నంబరు. ముక్కు చక్రం తలుపు వేరే విమానం నుంచి వచ్చింది, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

మధ్య అంకెల కోసం ఆ జాడ ఉన్న చోటే, పైన చెప్పినట్టు, కిటికీ తెరవండి. అక్షరాల మధ్యలో కాదు, అక్షరం అంచు మీద.

ఇంకో విషయం ముందే అనుకోండి. అజీత్ అని తేలాక 1971 యుద్ధం నాటి గుర్తులు వేయాలని ఎవరైనా అడుగుతారు. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ గగనతలంలో పోరాడి పరమవీర చక్ర పొందిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ నడిపింది 18వ స్క్వాడ్రన్ నాట్. అప్పటికి అజీత్ పుట్టనే లేదు. ఆయన్ని తలుచుకోవాలంటే పక్కన మంచి ఫలకం పెట్టండి. మీ విమానం మీద దాని సొంత నంబరే ఉండాలి. దానికీ ఒక సర్వీసు చరిత్ర ఉంది, అజీత్‌లు 1991 దాకా ఎగిరాయి.

స్నాప్‌హెడ్

రేకు పని గురించి చెబుతాను. విమానాన్ని స్తంభం మీద నుంచి దించకుండా ఈ పని సగమే అవుతుంది. ఖాళీ నాట్ బరువు సుమారు 2,175 కిలోలు. మీదాంట్లో ఇంజన్ లేదు, ముక్కులో కాంక్రీట్ ఉంది, కాబట్టి బరువు ఎటు ఉందో పుస్తకం చెప్పదు. క్రేన్‌తో ముందు ఐదు సెంటీమీటర్లే లేపి, ఎటు ఒరుగుతుందో చూసి బెల్టులు జరపండి. బెల్టులు ఫ్రేములు (రేకు లోపలి అడ్డ పక్కటెముకలు) ఉన్న చోటే పడాలి, మధ్య రేకు మీద పడితే నొక్కుకుపోతుంది. ఫ్రేము ఎక్కడుందో నిలువుగా పోయే రివెట్ల వరస చెబుతుంది. దించాక చక్రాల మీద నిలబెట్టకండి, జాకింగ్ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టండి.

స్తంభం దగ్గర ఉబ్బడానికి కారణం ఇనుము, అల్యూమినియం ఉప్పు తేమలో నేరుగా ఆనడం. బ్యాటరీలో జరిగే చర్యే ఇది, తినబడేది అల్యూమినియం. గోరుతో గీరితే పొడి రాలితే పైపై తినుడు. అదే రేకు అంచున, మందపాటి ఎక్స్‌ట్రూజన్ (అచ్చులోంచి నెట్టి తీసిన పట్టీ) పక్కన ఆకులు ఆకులుగా విచ్చుకుంటే లోహం లోపలి పొరల వెంట పోయింది. రుద్ది లాభం లేదు, ఆ భాగం కోసి మార్చాల్సిందే. స్తంభం బరువు మోసే ఫిట్టింగ్ దగ్గర ఇలా కనబడితే మీ సివిల్, మెకానికల్ వాళ్లతో లెక్క కట్టించకుండా మళ్లీ పైకెక్కించకండి. విశాఖ తుఫాను గాలి లెక్కలో ఉండాలి.

పైపై తినుడుకు మెరూన్ స్కాచ్‌బ్రైట్, నీళ్లు. ఇనుప బ్రష్, స్టీల్ ఊల్ వద్దు. వాటి నలుసులు అల్యూమినియంలో దిగి తుప్పు మచ్చలు పెడతాయి, కొత్త తినుడు అక్కడే మొదలవుతుంది. బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా రెండూ అల్యూమినియాన్ని తినేవే. బూడిద రంగు పొడి గుప్పిళ్లుగా వచ్చే పోత భాగాలు మెగ్నీషియం కావచ్చు. దాని దుమ్ముకు నిప్పు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి.

అతుకు వేయాలంటే మైక్రోమీటర్‌తో మందం కొలవండి. బ్రిటిష్ డిజైన్ కాబట్టి ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్ కొలత) లెక్క: 22 గేజ్ 0.71 మి.మీ., 20 గేజ్ 0.91, 18 గేజ్ 1.22. బజారులో దొరికే రేకుల్లో దగ్గరి పైమందం తీసుకోండి. బరువు మోసే చోట 2024-టి3 అల్క్లాడ్ (పైన చెప్పిన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉన్న గట్టి మిశ్రమలోహం) వాడాలి. బరువు లేని పొట్ట ప్యానెళ్లకు నేనైతే 5052 రకం అల్యూమినియం రేకు వాడమంటాను, ఉప్పుగాలికి అదే బాగా నిలుస్తుంది, దొరకడమూ తేలిక. తినబడ్డ చోటు గుండ్రంగా కోయండి, మూలలు ఉంటే అక్కడినుంచి పగులుతుంది.

పాత రివెట్ తీయడం: తల మధ్యలో పంచ్ పెట్టి, రివెట్ కాడ సైజు డ్రిల్‌తో తల మందం వరకే తొలచి, తలను పక్కకు విరవండి, కాడను పంచ్‌తో వెనక్కి కొట్టండి. రేకులోకి డ్రిల్ దిగితే రంధ్రం పెద్దదై పై సైజు రివెట్ కావాల్సి వస్తుంది. కొత్త రివెట్ పొడవు రేకుల మొత్తం మందం, దాని మీద కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. కొట్టాక లోపలి తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. రేకు అంచు నుంచి రంధ్రం మధ్యకు కనీసం రెండు వ్యాసాల దూరం ఇవ్వండి. మునిగే తల రివెట్లు కొనేముందు పాత గుంట కోణం కొలవండి. అమెరికన్ రివెట్లు 100 డిగ్రీలు, బ్రిటిష్ వాటిలో 90, 120 కూడా ఉన్నాయి. కోణం కలవకపోతే తల పైకి తేలుతుంది, ఎంత లప్పం పెట్టినా ఎండకు విరిగి రాలుతుంది. చేయి పట్టని చోట పాప్ రివెట్ తప్పదు. అప్పుడు మధ్య పుల్ల కూడా అల్యూమినియందే కొనండి. ఇనుప పుల్లది వాడితే మొదటి వానాకాలానికే ప్రతి రివెట్ నుంచీ ఎర్ర చార కారుతుంది.

స్క్రూల దగ్గర జాగ్రత్త. బ్రిటిష్ డిజైన్లలో బిఎ (బ్రిటిష్ అసోసియేషన్ కొలత) త్రెడ్లు మామూలే. 2బిఎ స్క్రూ వ్యాసం 4.7 మి.మీ., పిచ్ 0.81. బజారు ఎం5 పిచ్ 0.8, వ్యాసం 5. పిచ్ దాదాపు ఒకటే కావడంతో ఎం5 రెండు చుట్లు తిరిగి "పడుతోంది" అనిపిస్తుంది. బలంగా తిప్పితే లోపలి యాంకర్ నట్టు (రేకు వెనక రివెట్లతో బిగించినది) త్రెడ్ పోయి, నట్టు పట్టు వదిలేసి గిరగిరా తిరుగుతుంది. అది మార్చాలంటే మళ్లీ రివెట్లు తొలచాలి. ఒక్క ఒరిజినల్ స్క్రూ తీసుకెళ్లి త్రెడ్ గేజ్‌తో చూపించి కొనండి. స్టెయిన్‌లెస్ స్క్రూ వేస్తే పాలీసల్ఫైడ్ సీలెంట్‌లో ముంచి, నైలాన్ వాషర్‌తో బిగించండి.

కాంక్రీట్: తడి సిమెంట్ క్షారం అల్యూమినియాన్ని తింటుంది, ఎండాక కూడా వానకు తడిసినప్పుడల్లా తింటూనే ఉంటుంది. డ్రిల్లింగ్ మెషిన్ హ్యామర్ మోడ్ వద్దు. 10 మి.మీ. రంధ్రాలు దగ్గరదగ్గరగా వేసి, మేకులు దింపి ముక్కలుగా విడగొట్టండి. రేకుకు ఆనుకున్న చివరి అంగుళం చేత్తో ఉలి పట్టుకునే తీయాలి. స్తంభం మీద ఉండే విమానానికి తోక కుంగే భయం లేదు, అక్కడ ఆ బరువు అవసరం లేదు. అయితే తీసేస్తే స్తంభం మీద పడే మెలి మారుతుంది, పైన చెప్పిన లెక్కలో ఇదీ కలపండి.

నీళ్లు పోయే దారి మర్చిపోవద్దు. ముక్కు పైకి ఉంది కాబట్టి పొట్టలో నీళ్లు వెనక్కి పారి ప్రతి ఫ్రేమ్‌కు ముందు వైపు ఆగుతాయి. మొదట ఒరిజినల్ డ్రెయిన్ రంధ్రాలు వెతకండి, చాలావరకు పెయింట్‌తోనో కందిరీగ మట్టితోనో మూసుకుపోయి ఉంటాయి. అవి చాలకపోతేనే ఆ కింది బిందువుల్లో 6 మి.మీ. రంధ్రం కొత్తగా వేయాలి. స్తంభం ప్లేట్‌కూ విమానానికీ మధ్య 3 మి.మీ. నియోప్రీన్, బోల్టుల చుట్టూ నైలాన్ బుష్‌లు పెట్టండి. ఇన్‌టేకులు, జెట్ పైపు మూయండి, కానీ గాలి ఆడే జాలీతో.

తేమమీటర్

పెయింట్ విషయానికి వస్తే, జనవరి 26 గడువు మీకు అనుకూలమే. అక్టోబర్, నవంబర్ తుఫానుల కాలం మన తీరంలో పెయింట్‌కు పనికిరాదు. గుర్తింపు ఆధారాల రికార్డింగ్ సెప్టెంబర్ లోపు, రేకు పని షెడ్డు కింద అక్టోబర్, నవంబర్, పెయింట్ డిసెంబర్ సగం నుంచి. ఆ వరస తప్పకండి.

పాత పెయింట్ తీయడానికి బెంజైల్ ఆల్కహాల్ రకం స్ట్రిప్పర్, ప్లాస్టిక్ స్క్రేపర్. కెనోపీకి, ఫైబర్ భాగాలకు స్ట్రిప్పర్ తగలకూడదు, పాలిథిన్ రెండు పొరలు వేసి అల్యూమినియం టేపుతో మూయండి. కిటికీలు తెరిచిన చోట్లలో కనీసం ఒక్కటి అలాగే ఉంచి కొత్త పెయింట్ కింద కప్పేయండి, మున్ముందు చూసేవాళ్లకు పనికొస్తుంది. తర్వాత కడుగు. బోరు నీళ్లు వద్దు, తీరంలో బోరులో ఉప్పు ఉంటుంది. మున్సిపల్ నీళ్లు, న్యూట్రల్ కార్ షాంపూ, ఆఖరి కడుగు ఆర్వో నీళ్లతో. నీళ్లు పోస్తే రేకు మీద చినుకులుగా విడిపోకుండా ఒకే పొరగా జారాలి. విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. తర్వాత ట్రైవాలెంట్ క్రోమియం కన్వర్షన్ కోటు (ప్రైమర్ పట్టడానికి లోహం మీద వేసే రసాయన పూత), డబ్బా మీద చెప్పినన్ని నిమిషాలు ఆరకుండా తడిగా ఉంచి కడిగి, ఆరాక 24 గంటల్లోపు ప్రైమర్. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఎంత కొనాలి? రెక్క విస్తీర్ణం సుమారు 12.7 చదరపు మీటర్లు, రెండు ముఖాలు 25. ఫ్యూజలాజ్, తోక, తలుపులు కలిపి మొత్తం 70 అనుకోండి. 50 మైక్రాన్ల ఎపాక్సీ ప్రైమర్‌కు 70 చ.మీ. మీద ఎండిన పొర 3.5 లీటర్లు. డబ్బాలో ఘనపదార్థం సగం అయితే 7 లీటర్లు. స్ప్రేలో 40 శాతం గాలికి పోతుంది కాబట్టి 12 లీటర్లు. పైన రెండు ప్యాక్‌ల అలిఫాటిక్ పాలీయురేథేన్ రెండు కోట్లు కలిపి 60 మైక్రాన్లకు ఇదే లెక్కలో 14 లీటర్లు. నైట్రోసెల్యులోజ్ కారు పెయింట్ మన ఎండకు రెండేళ్లలో సుద్దలా రాలుతుంది. ఆటో షాపులోనే అలిఫాటిక్ పీయూ అడగండి.

తేమ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు (గాలిలో ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) దాదాపు 24. లోహం దానికన్నా కనీసం 3 డిగ్రీలు పైన, అంటే 27 ఉండాలి. రాత్రంతా చల్లబడిన రేకు ఉదయం ఎనిమిదింటికి అంత ఉండదు. కంటికి కనబడని తడి మీద ఎపాక్సీ వేస్తే మూడు నెలల్లో బుడగలు. పీయూ హార్డెనర్ నీటి ఆవిరితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, సూది మొన రంధ్రాలు అందుకే వస్తాయి. ఉదయం పదిన్నర నుంచి మూడు వరకే స్ప్రే. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. బయటి నుంచి గాలి పంపే మాస్కు లేకుండా పెయింటర్‌ను గన్ పట్టనివ్వకండి, ఒకసారి ఆస్తమా వస్తే జీవితాంతం ఉంటుంది.

గుర్తుల విషయం: వృత్తంలో బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. తోక మీది పట్టీల్లో కాషాయం ఎప్పుడూ ముక్కు వైపు, రెండు పక్కలా. కుడి పక్కన ఎడమదాని స్టెన్సిల్ వాడేసి ఆకుపచ్చ ముందుకు తెచ్చిన విమానాలు చాలా కనబడతాయి. కొలతలు ఊహించొద్దు, మీ విమానం మీదే పాత వృత్తం అంచు టార్చి వెలుగులో దొరుకుతుంది, ట్రేసింగ్ పేపర్ మీద ఎత్తండి. వినైల్ స్టిక్కర్లు ఎండకు ముడుచుకుపోతాయి, వినైల్‌ను మాస్కుగా కోసి పెయింటే కొట్టండి.

గాలిమర_వైజాగ్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండే మిగిలాయి. కెనోపీ కొత్తది చేయించాలా? లేని చక్రం తలుపు, ఒక డ్రాప్ ట్యాంకు (రెక్క కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకు) నమూనాగా చేద్దామంటే ఏ పద్ధతి?

అచ్చుపోత

కెనోపీ అంచున చిన్న చోట 1500 మైక్రోమెష్‌తో (ప్లాస్టిక్ పాలిష్‌కు వాడే మెత్తటి రాపిడి గుడ్డ) తడిపి రుద్ది చూడండి. పసుపు, మసక పై పొరలో ఉంటే అక్కడే తేటపడుతుంది, అప్పుడు 12000 వరకు మెట్టుమెట్టుగా వెళ్లండి. ఒక్కో మెట్టుకు రుద్దే దిశ మార్చాలి, అప్పుడే ముందు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. వెలుగుకు పట్టి చూస్తే లోపల వెండి గీతల్లా మెరిసే సన్న పగుళ్లుంటే పాలిష్‌కు పోవు. పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ తగిలితే ఆ పగుళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. ఈ పనంతా సీటు కాగితం వచ్చాకే. మార్చక తప్పకపోతే కొత్తది క్యాస్ట్ యాక్రిలిక్‌తో, 160 డిగ్రీల దగ్గర అచ్చు మీద వంచి చేస్తారు. పాతది పారేయకండి, అచ్చు తీయడానికి అదే ఆధారం.

చక్రం తలుపు 1 మి.మీ. 5052 రేకుతో చేయొచ్చు. కుడి తలుపును కాగితం మీద గీసి తిరగేయండి. వంపును మాత్రం కుడిదాని మీద కార్డ్‌బోర్డ్ ముక్కలు ప్రతి పది సెంటీమీటర్లకు ఆనించి కోసి ఎత్తుకోండి. నాట్ కుటుంబంలో కాళ్లు సగం దించితే తలుపులతో కలిపి ఎయిర్‌బ్రేక్‌గా పనిచేసేవి, అందుకే ఈ తలుపులు, వాటి కీళ్లు అనుకున్నదానికన్నా దళసరిగా ఉంటాయి. కీలు బలహీనంగా చేస్తే స్తంభం మీద గాలికి కొట్టుకుంటుంది.

డ్రాప్ ట్యాంకు ఫైబర్‌తో చేయండి. అసలు ట్యాంకు ఎక్కడైనా దొరికితే దాని మీదే మైనం ఐదు కోట్లు పట్టించి, రెండు సగాలుగా అచ్చు తీసుకోవచ్చు. అచ్చులో అర మిల్లీమీటరు జెల్‌కోట్ (పైకి కనబడే నున్నటి రెజిన్ పొర), వేలికి అంటుకునేంత ఆరాక చదరపు మీటరుకు 300 గ్రాముల గ్లాస్‌ఫైబర్ మ్యాట్ ఒక పొర, ఆపైన 450 గ్రాములవి రెండు. మందం సుమారు 2.7 మి.మీ. వస్తుంది. రెజిన్ మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు. 3 చదరపు మీటర్ల ట్యాంకుకు మ్యాట్ 3.6 కిలోలు, రెజిన్ 9 కిలోలు. హార్డెనర్ మన ఎండలో 1 శాతానికి మించొద్దు. 2 శాతం కలిపితే బ్రష్ పెట్టేలోపే బకెట్‌లో గట్టిపడి పొగ వస్తుంది, అందుకే ఒక్కసారికి కిలో మించి కలపకండి. అతుకు వేసే ముందు రెండు సగాల లోపలి వైపూ, తలుపు లోపలి వైపూ "నమూనా", చేసిన సంవత్సరం చెరగని పెయింట్‌తో రాయండి. ట్యాంకు అడుగున 6 మి.మీ. డ్రెయిన్, పైలాన్ బోల్టులు పడే చోట లోపల 12 మి.మీ. మెరైన్ ప్లై ముక్క రెజిన్‌లో పొదగండి, లేకపోతే బోల్టు బిగించేసరికి ఫైబర్ నలిగిపోతుంది.